జీవిత భాగస్వామి మాయమయ్యే సైకలాజికల్ థ్రిల్లర్ రాయడం ఎలా: మొదటి ఆలోచన నుంచి చివరి ట్విస్ట్ దాకా సమగ్ర మార్గదర్శి

"భార్య కనిపించకుండా పోతుంది, చివర్లో అదిరిపోయే ట్విస్ట్ ఉంది, కానీ మధ్యలో కథ ఆగిపోయింది. ఏం చెయ్యాలి?" థ్రిల్లర్ రాస్తున్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది. చాలాసార్లు చిక్కు ఒకచోటే ఉంటుంది. ట్విస్ట్ ముందు తట్టింది, దానికి సరిపడే పెళ్ళిని తర్వాత అతికించారు.

పని జరగాల్సిన వరస వేరు. ముందు ఆ దాంపత్యం. తర్వాత అసలు జరిగింది ఏమిటో. ఆ తర్వాత ఎవరు చెప్తున్నారో. ట్విస్ట్ నాలుగోది.

ఉదాహరణకు ఒకే కథను చివరి దాకా వాడదాం. భార్యాభర్తలు, పెళ్ళయి పదకొండేళ్ళు. ఒక గురువారం రాత్రి భార్య ఇంట్లోంచి మాయమవుతుంది. కొన్నేళ్ళుగా ఆమెకు మతిమరుపు పెరుగుతోందని తెలిసినవాళ్ళందరూ అనుకుంటున్నారు. ఆమె కోసం భర్త ఇల్లంతా పసుపు రంగు చీటీలు అంటించాడు. "స్టవ్ ఆపావా?" "తాళం చెవి సంచిలో ఉంది." "ఇవాళ్టి మందు వేసేసుకున్నావు." ఈ చీటీలు మనకు చాలాసార్లు అవసరపడతాయి.

## 1. ముందు పెళ్ళిని రాయండి

ప్లాట్ పక్కన పెట్టండి. ఒక నోట్‌బుక్ తీసుకుని, మాయమవడానికి ఆరు నెలల ముందు ఒక మామూలు రోజు రాయండి. అయిదేళ్ళ ముందు ఇంకో మామూలు రోజు రాయండి. ఈ రెంటి మధ్య ఇంట్లో ఏం మారిందో అదే మీ కథ.

ఈ ప్రశ్నలకు ఇద్దరి తరఫునా విడివిడిగా జవాబు రాసుకోండి:

- డబ్బు ఎవరి చేతిలో ఉంది? రెండోవాళ్ళకు తెలియని ఖాతా ఏదైనా ఉందా?
- గొడవయ్యాక ముందు మాట కలిపేది ఎవరు? ఎన్నాళ్ళకు?
- ఇద్దరూ ఎప్పుడూ ఎత్తని విషయం ఏది?
- నలుగురిలో ఉన్నప్పుడు ఒకరి గురించి ఇంకొకరు పదేపదే చెప్పే కథ ఏది? అందులో నిజమెంత?
- ఒకరు ప్రేమ అనుకుంటున్న ఏ అలవాటు రెండోవాళ్ళకు కాపలాలా అనిపిస్తోంది?
- వీళ్ళలో ఒకరు లేకపోతే రెండోవాళ్ళకు ఏం మిగులుతుంది, ఏం పోతుంది?

నాలుగో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. మన కథలో భర్త ఎవరింటికి వెళ్ళినా ఒక ముచ్చట చెప్తాడు. ప్రయాణానికి బయల్దేరి సగం దూరం వెళ్ళాక ఆమెకు తాళం వెయ్యలేదేమోనని అనుమానం రావడం, వెనక్కి వస్తే తలుపు బార్లా తెరిచి ఉండడం. అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. నిజానికి ఆ రోజు ఆమె తాళం వేసింది. అతనే వెనక్కి వెళ్ళి తీశాడు.

ఆమె మాయమయ్యాక పోలీసులు చుట్టుపక్కలవాళ్ళను అడిగితే, వాళ్ళు ఈ ముచ్చటనే కళ్ళారా చూసినట్టు చెప్తారు. భర్త ఎవరికీ అబద్ధం నేర్పాల్సిన పని లేకుండానే సాక్షులు తయారయ్యారు. పెళ్ళి గురించిన థ్రిల్లర్‌కు దొరికే సరుకు ఇలాంటిది. కత్తి, రక్తం దీనికి సాటి రావు.

ఇంకో మాట. ఒకరి బతుకును ఇంకొకరు గుప్పిట్లో పెట్టుకోవడం ఒక పెద్ద సంఘటనతో మొదలవదు. ఫోన్ చూడడం, స్నేహితులను దూరం చెయ్యడం, ఖర్చుకు లెక్క అడగడం, "నీకు గుర్తులేదులే" అనడం: విడివిడిగా చూస్తే ఏదీ నేరంలా కనిపించదు. ఇలా పదేపదే సాగే వరసనే నేరంగా గుర్తిస్తూ ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015లో చట్టం వచ్చింది. మీ కథలో కూడా ఒక్క చెంపదెబ్బ కంటే ఈ వరసే పాఠకుణ్ణి ఎక్కువ భయపెడుతుంది.

ఇద్దరికీ నిజమైన ఫిర్యాదు ఉండాలి. ఇద్దరి మధ్య ఎప్పుడో ఒకప్పుడు నిజమైన ప్రేమ కూడా ఉండాలి. ఒకరు పూర్తిగా రాక్షసుడైతే ఆ మనిషి ఏం చేసినా పాఠకుడు ఆశ్చర్యపోడు.

ఈ దశ ముగిసిందనడానికి గుర్తు: ఆ ఇద్దరి మధ్య పైకి అనుకోని ఒప్పందం ఏమిటో ఒక్క వాక్యంలో రాయగలగాలి. మన కథకు ఇది: "నువ్వు నన్ను నమ్ముతున్నట్టు ఉండు, నేను నిన్ను చూసుకుంటున్నట్టు ఉంటాను."

## 2. అసలు జరిగింది గంట గంటకూ రాసుకోండి

ఇది పాఠకుడికి ఎప్పటికీ చూపించని కాగితం. ఇది లేకుండా మొదటి అధ్యాయం మొదలుపెట్టొద్దు.

మాయమవడానికి 72 గంటల ముందు నుంచి, మాయమయ్యాక 48 గంటల దాకా రాయండి. ప్రతి ఘట్టానికీ నాలుగు విషయాలు: సమయం, నిజంగా జరిగింది, రెండో మనిషి ఏమనుకుంటున్నాడు, ఏం జాడ మిగిలింది.

మన కథ నుంచి కొన్ని:

- బుధవారం సాయంత్రం. మూడేళ్ళుగా పెన్సిల్‌తో రాస్తున్న డైరీని భార్య ఇల్లు దాటించింది. అలాంటి డైరీ ఉందనే భర్తకు తెలియదు. జాడ: పుస్తకాల అరలో చిన్న ఖాళీ.
- గురువారం రాత్రి 9:30. భర్త ఆమె కళ్ళజోడు తీసి స్నానాల గదిలో పెట్టాడు. ఆమె చూసింది, చూడనట్టు ఉంది. ఆమెకు తెలియదని అతని నమ్మకం. జాడ: ఆ రాత్రి ఆమె కళ్ళజోడు కోసం వెతకలేదు.
- శుక్రవారం తెల్లవారుజామున 2:15. ఆమె బయటికి నడిచింది. ఫోన్ వదిలేసింది, ఛార్జర్ తీసుకెళ్ళింది.
- ఉదయం 6:05. ఆమె లేదని భర్తకు తెలిసింది.
- ఉదయం 7:40. పోలీసులకు ఫోన్ చేశాడు.

చివరి రెంటి మధ్య 95 నిమిషాలున్నాయి. ఆ సేపట్లో అతను కొన్ని చీటీలు పీకి చింపేశాడు. నవలకు ప్రాణం అక్కడే ఉంది. ఇలాంటి ఖాళీ మీ కాలక్రమంలో కనీసం ఒక్కటైనా ఉండాలి. ఒక పాత్ర ఏం చేసిందో మీకు తెలియాలి, ఎందుకు చెప్పదో కూడా తెలియాలి.

సరిచూసుకోండి:

- మాయమైన మనిషి ప్రతి గంటా ఎక్కడ ఉన్నదీ మీకు తెలుసా?
- డబ్బు, నిద్ర, తిండి, ఫోన్: ఈ నాలుగూ ఎలా నడిచాయో జవాబు ఉందా?
- ఇంకెవరికైనా నిజం తెలుసా? తెలిస్తే ఎందుకు నోరు మెదపడం లేదు?
- యాదృచ్ఛికంగా జరిగినవి ఎన్ని? ఒకటి దాటితే ప్లాన్ మళ్ళీ చూడండి.

## 3. కథ చెప్పే గొంతును ఎంచుకోండి

మిగిలిపోయిన మనిషి ఒక్కడే చెప్తే ఊపిరాడనంత దగ్గరితనం వస్తుంది. ఇద్దరూ మార్చిమార్చి చెప్తే ఒకే పెళ్ళి రెండు పెళ్ళిళ్ళుగా కనిపిస్తుంది. బయటి మనిషి, అంటే తోబుట్టువో పోలీసు అధికారో చెప్తే అనుమానం సమంగా పంచుకోవచ్చు, కానీ పడకగదిలోకి చూపు పోదు. మొదటి నవల రాస్తున్నవాళ్ళు సగం దాకా ఒక గొంతు, తర్వాత రెండో గొంతు పెట్టుకుంటే లెక్క అదుపులో ఉంటుంది. మన కథ అలాగే సాగుతుంది.

నమ్మదగని కథకుడు అనగానే చాలామంది అతని చేత ఇష్టమొచ్చినట్టు అబద్ధాలు చెప్పిస్తారు. ఇక్కడ ఒక హద్దు పెట్టుకోండి.

కథకుడు తప్పుగా చూడొచ్చు. తప్పుగా గుర్తుంచుకోవచ్చు. చెప్పకుండా దాటెయ్యొచ్చు. ఇతర పాత్రలతో ఎంతైనా బొంకొచ్చు. జరగనిది జరిగిందని మాత్రం పాఠకుడితో నేరుగా చెప్పకూడదు. ఉత్తరం, డైరీ, పోలీసులకిచ్చిన వాంగ్మూలం వేరే సంగతి. అవి ఎవరో చదవాలని రాసినవి కాబట్టి వాటిలో అబద్ధం చెల్లుతుంది. అయితే అవి ఎవరి కోసం రాసినవో పాఠకుడికి ముందే తెలిసి ఉండాలి.

మన భర్త మొదటి ఉదయం గురించి చెప్పే తీరు చూడండి:

> ఆరింటికి మెలకువ వచ్చింది. పక్కన దుప్పటి చల్లగా ఉంది. వంటగదిలో లైటు ఆర్పేసి ఉంది, స్టవ్ దగ్గరి చీటీ ఊడి కింద పడి ఉంది, వెనక తలుపు గడియ వేసే ఉంది. ఆమె చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఫోన్ మంచం పక్కన బల్ల మీద, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. ఛార్జర్ లేదు. ఏది ఎక్కడ పెడుతుందో తనకే గుర్తుండదని అందరూ అంటారు. ఇల్లంతా వెతికాను. తర్వాత పోలీసులకు ఫోన్ చేశాను.

ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఛార్జర్ కనబడకపోవడం పెద్ద క్లూ. కానీ కథకుడు వెంటనే దానికి ఒక కారణం అంటగట్టాడు, ఆ కారణం పాఠకుడు అప్పటికే నమ్ముతున్నది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉండడం గుండె ఝల్లుమనిపిస్తుంది, కన్ను అక్కడే ఆగుతుంది. ఇక ఆ 95 నిమిషాలూ "తర్వాత" అన్న చోట దాక్కున్నాయి.

రెండో గొంతు వచ్చినప్పుడు వాక్యాల పొడవు, గమనించే వస్తువులు, భయపడే విషయాలు మారాలి. భర్త వస్తువులు ఎక్కడున్నాయో చూస్తాడు. భార్య శబ్దాలు వింటుంది: అడుగులు, తాళం తిరగడం, అలమారా తలుపు. అతను వస్తువులు జరుపుతున్నాడని ఆమెకు తెలిసిందే అలా కదా. అధ్యాయం మీద పేరు తీసేసినా ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలి.

జ్ఞాపకాన్ని వాడుకునేవాళ్ళు ఒక ప్రయోగం గురించి తెలుసుకోవాలి. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి కార్లు ఢీకొన్న వీడియో చూపించి, వేగం ఎంత ఉంటుందని అడిగారు. ప్రశ్నలో "తగిలినప్పుడు" అని విన్నవాళ్ళ కంటే "నుజ్జునుజ్జుగా గుద్దుకున్నప్పుడు" అనే అర్థం వచ్చే మాట విన్నవాళ్ళు ఎక్కువ వేగం చెప్పారు. వారం తర్వాత అడిగితే, పగిలిన అద్దం చూశామని చెప్పినవాళ్ళు కూడా రెండో గుంపులోనే ఎక్కువ. వీడియోలో పగిలిన అద్దమే లేదు.

దీన్ని మీ సీన్‌లోకి ఇలా తెచ్చుకోండి. "నిన్న తాళం ఎక్కడ పెట్టావు?" అని కాకుండా భర్త "నిన్న మళ్ళీ తాళం ఎక్కడ పారేశావు?" అని అడుగుతాడు. ఏడాది పాటు ఇలాంటి ప్రశ్నలు విన్న మనిషి తన జ్ఞాపకాన్ని తానే సవరించుకోవడం మొదలుపెడుతుంది. పెద్ద కుట్ర అక్కర్లేదు, ఆ "మళ్ళీ" చాలు.

## 4. ట్విస్ట్ కట్టే పద్ధతి

కొత్త సమాచారం తెచ్చి పడేస్తే అది ట్విస్ట్ అయిపోదు. పాఠకుడు అప్పటికే చూసినదాని అర్థం మారాలి. ఎవరికీ తెలియని అన్న, హఠాత్తుగా బయటపడ్డ కవల, చివరి అధ్యాయంలో దిగిన హంతకుడు: ఇవన్నీ కొత్త సమాచారం. ఒక్క నిమిషం ఆశ్చర్యం, తర్వాత చిరాకు.

కట్టే వరస ఇది:

1. కాలక్రమం తీసి, అందులో అన్నిటికంటే బాధాకరమైన నిజం ఏదో గుర్తించండి. అన్నిటికంటే వింతైనది కాదు.
2. ఆ నిజానికి సరిగ్గా ఎదురుగా నిలబడే తప్పు నమ్మకం ఒకటి రాయండి. పాఠకుడు మోయాల్సింది దాన్నే.
3. రెండు అర్థాలకూ సరిపోయే వస్తువులు, మాటలు, అలవాట్లు ఆరేడు పోగు చెయ్యండి.
4. వాటితోనే మొదటి సగం రాయండి.
5. తప్పు నమ్మకం విరిగే క్షణం కోసం ఒక చిన్న, కళ్ళకు కనిపించే రుజువు పెట్టండి. ఉపన్యాసం కాదు.

మన కథలో బాధాకరమైన నిజం: ఆమెకు మతిమరుపు లేదు, ఉందని ఆమెను నమ్మించింది భర్త. తప్పు నమ్మకం: అతను ఓపికతో సేవ చేస్తున్న మనిషి. రెండింటికీ సరిపోయేవి ఆ పసుపు చీటీలు. మొదటిసారి చదివితే ప్రేమ, రెండోసారి చదివితే ఆయుధం. "ఇవాళ్టి మందు వేసేసుకున్నావు" అన్న చీటీ చూడండి. ఆమె వేసుకోలేదు. ఆ వాక్యంలో ఒక్క అక్షరం మార్చకుండానే అర్థం తిరగబడింది.

విరిగే క్షణం: ఆమె డైరీలో ఒక పేజీ. ఎడమవైపు "తాళం చెవి ఎక్కడ పెట్టాను" అని రాసి సమయం వేసింది. కుడివైపు "తాళం చెవి ఎక్కడ దొరికింది" అని రాసి సమయం వేసింది. మూడేళ్ళ లెక్క. ఎవరూ ఎవరికీ ఏమీ వివరించనక్కర్లేదు.

ఇక రెండో ట్విస్ట్. అది మొదటిదాన్ని రద్దు చెయ్యకూడదు, దాని మీదే నిలబడాలి. ఆమె వెళ్ళిపోయాక ఇంట్లో కొత్త చీటీలు బయటపడుతుంటాయి. అచ్చం భర్త చేతిరాత. రాసినట్టు అతనికి గుర్తులేదు. ఎవరో ఇంట్లోకి వస్తున్నారని పాఠకుడు అనుకుంటాడు. ఎవరూ రావడం లేదు. వెళ్ళే ముందే ఆమె వాటిని సర్దిపెట్టింది: చలికాలానికి తీసే దుప్పటి మడతలో, పన్ను కాగితాల ఫైలులో, క్యాలెండర్‌లో రెండు నెలల తర్వాతి పేజీ వెనక. అతను ఏది ఎప్పుడు ముట్టుకుంటాడో పదకొండేళ్ళ కాపురంలో ఆమెకు తెలిసిపోయింది. అతని చేతిరాత నేర్చుకోవడానికి కావలసినన్ని నమూనాలు అతనే ఇల్లంతా అంటించాడు.

ఈ ట్విస్ట్‌కు కొత్త పాత్ర అవసరం లేదు, కొత్త వస్తువు అవసరం లేదు. దాంపత్యంలోంచే పుట్టింది. మీ ట్విస్ట్‌ను ఇలా పరీక్షించండి: ఈ ఇద్దరూ భార్యాభర్తలు కాక పక్కింటివాళ్ళు అయినా ఇది పనిచేస్తుందా? పనిచేస్తే అది ఈ కథకు సరైన ట్విస్ట్ కాదు.

వీటి జోలికి పోవద్దు: అంతా కల, అంతా కథకుడి ఊహ, గతం మొత్తం మరిచిపోయి వేరే ఊళ్ళో కొత్త పేరుతో బతుకుతున్న భార్య. చివరిది వైద్యంలో ఉన్నదే, కానీ చాలా అరుదు. కథలో అది రచయిత పని తేలిక చెయ్యడానికి వచ్చినట్టే కనిపిస్తుంది.

## 5. క్లూలు ఎక్కడ, ఎలా నాటాలి

ముఖ్యమైన ప్రతి క్లూ మూడుసార్లు కనిపించాలి. మొదటిసారి మామూలు వస్తువుగా, రెండోసారి కాస్త తేడాగా, మూడోసారి అసలు అర్థంతో. మొదటి రెంటి మధ్య కనీసం రెండు అధ్యాయాల దూరం ఉంచండి.

దాచడానికి పనికొచ్చే చోట్లు:

- జాబితా మధ్యలో. మొదటిదీ చివరిదీ గుర్తుంటాయి, మధ్యది జారిపోతుంది.
- గట్టి భావోద్వేగానికి ముందు వాక్యంలో. ఏడుపు మొదలైతే వస్తువు మరుగున పడుతుంది.
- గొడవలో ఎవరో విసిరిన మాటగా. కోపంలో అన్నదాన్ని ఎవరూ సాక్ష్యంగా చూడరు.
- తప్పు కారణంతో పాటు. ఛార్జర్ విషయంలో చేసింది ఇదే.

క్లూ పట్టిక ఒకటి పెట్టుకోండి: క్లూ, మొదటి అర్థం, రెండో అర్థం, కనిపించిన మూడు అధ్యాయాలు. ఏ గడి ఖాళీగా ఉంటే అక్కడ పని మిగిలి ఉన్నట్టు.

## 6. విచారణ నమ్మేలా ఉండాలి

ఇది పోలీసు నవల కాదు కాబట్టి ఎక్కువ పేజీలు పెట్టొద్దు. కానీ ఇక్కడ ఒక్క తప్పు దొర్లినా చదివేవాళ్ళకు మిగతా కథ మీద కూడా నమ్మకం పోతుంది.

- 24 గంటలు ఆగాలన్నది అపోహ. మనిషి కనబడడం లేదని ఆందోళన ఉంటే వెంటనే ఫిర్యాదు చెయ్యొచ్చు. ఆలస్యం కావాలంటే దానికి కారణం పాత్రలో ఉండాలి.
- మొదటి ప్రశ్నలు జీవిత భాగస్వామికే. చివరిసారి చూసిన మనిషి సాధారణంగా వాళ్ళే. అడిగినదే మూడుసార్లు, మూడు రకాలుగా అడుగుతారు. ఆ మూడు జవాబుల మధ్య తేడాను మీరు వాడుకోవచ్చు.
- కాల్ రికార్డులు ఎవరు ఎవరికి ఎప్పుడు చేశారో చెప్తాయి. ఏం మాట్లాడుకున్నారో చెప్పవు. టవర్ సమాచారం ప్రాంతాన్ని చూపిస్తుంది, ఫలానా గదిని కాదు.
- సీసీటీవీ ఎప్పటికీ ఉండదు. చాలా రికార్డర్లలో కొన్ని రోజులకో వారాలకో పాత దాని మీద కొత్తది రికార్డయిపోతుంది. ఆలస్యంగా అడిగిన అధికారి మీ కథకు ఉపయోగపడతాడు.
- రక్తపు మరకలు పట్టుకోవడానికి చల్లే రసాయనం లూమినాల్. అది మెరిసిందంటే రక్తమే అని కాదు. బ్లీచ్‌తో కడిగిన చోట కూడా మెరుస్తుంది. అనుమానం తప్పు మనిషి మీదికి మళ్ళించడానికి మంచి సాధనం.
- శవం దొరక్కపోతే ఆస్తి, బీమా మర్నాడే చేతికి రావు. చనిపోయారని చట్టం భావించడానికి భారత్, ఇంగ్లండ్ సహా పలు చోట్ల మామూలుగా ఏడేళ్ళు గడవాలి. హత్యకు కారణం డబ్బే అంటే ఈ లెక్క చూసుకోండి.
- చేతి గడియారం, ఫోన్ అడుగులు లెక్కపెడతాయి. రాత్రంతా నిద్రపోయానన్న మనిషి గడియారంలో తెల్లవారుజామున అడుగులు కనిపిస్తే? మన కథలో ఈ ప్రశ్న భర్తకు ఎదురవుతుంది: ఆరింటి నుంచి ఏడున్నర మధ్య ఇంట్లోనే అన్ని అడుగులు ఎందుకు వేశారు?

## 7. మాయమైన మనిషి పేజీ మీద బతికి ఉండాలి

ఈ రకం కథల్లో ఎక్కువగా తప్పిపోయేది ఇదే. భార్య మాయమైంది కదా అని రచయిత కూడా ఆమెను వదిలేస్తాడు. ఫొటోలో నవ్వుతున్న ముఖం తప్ప ఆమె మనకేమీ కాకపోతే, దొరికినా దొరక్కపోయినా ఒకటే.

ప్రతి రెండు అధ్యాయాలకూ ఆమె గురించి ఒక కొత్త సంగతి తెలియాలి. అది ఆమె వదిలిన జాడల్లో దొరకాలి, ఎవరో చేసిన పొగడ్తగా కాదు. ఆమె పుస్తకాల్లో గీతలు గీసిన వాక్యాలు. మరమ్మతు చేయించి దాచుకున్న పాత గడియారం. ఒక స్నేహితురాలికి రెండేళ్ళుగా పంపుతున్న ఖాళీ మెసేజ్‌లు. ఇందులో కనీసం రెండు సంగతులు భర్తకు తెలియనివి కావాలి. పదకొండేళ్ళు కలిసున్న మనిషి గురించి పోలీసు అధికారి నుంచి కొత్త విషయం విన్నప్పుడు ఆ ముఖం ఎలా ఉంటుందో రాయండి. ఎంతో టెన్షన్ ఆ ఒక్క సీన్‌లోనే దొరుకుతుంది.

మిగిలిన మనిషి బాధను కూడా సరిగ్గా రాయాలి. అమెరికన్ కుటుంబ చికిత్సకురాలు పౌలిన్ బాస్ 1970ల నుంచి ఇలాంటి కుటుంబాల మీద పనిచేశారు. మనిషి పోయారో ఉన్నారో తేలని ఈ స్థితికి ఆమె ఒక పేరు పెట్టారు, దాన్ని అస్పష్ట నష్టం అనుకోవచ్చు. యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలు ఆమె పరిశీలనలో ఉన్నాయి. వాళ్ళు ఏడవడానికి హక్కు లేనట్టు, ఆశ వదిలితే ద్రోహం చేసినట్టు నలుగుతారు. ఏ నిర్ణయమూ తీసుకోలేరు.

కాబట్టి మీ పాత్ర రోజంతా ఏడవదు. ఉతికిన బట్టలు ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక కుర్చీ మీద వదిలేస్తుంది. ఫోన్ మోగితే తీయడానికి భయపడుతుంది. ఒక పూట మామూలుగా నవ్వి, వెంటనే ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూస్తుంది. నేరం చేసిన మనిషి కూడా సరిగ్గా ఇలాగే చుట్టూ చూస్తాడు. రెండు అర్థాలూ ఒకే కదలికలో కుదరడం అంటే ఇదే.

## 8. మలుపుల చోట్లు

ఖచ్చితమైన లెక్క కాదు, కొలత కోసం మాత్రమే:

- మొదటి 10 శాతం లోపు: మనిషి మాయమవాలి. దానికి ముందు పెళ్ళిని కాసేపు చూపించండి, ఒక్క సీన్ అయినా సరే.
- 25 శాతం దగ్గర: చెప్తున్న మనిషి ఏదో దాచాడని తెలియాలి. మన కథలో పోలీసులు 95 నిమిషాల లెక్క అడుగుతారు. హత్యేనని పాఠకుడు నిర్ణయించుకుంటాడు.
- 50 శాతం: భార్య గొంతు మొదలవుతుంది. ఆమె బతికే ఉంది. చీటీల అర్థం తిరగబడుతుంది.
- 75 శాతం: కొత్త చీటీలు. పారిపోయిన మనిషి అనుకున్నాం, ఆట నడిపిస్తున్నది ఆమే.
- చివరి 10 శాతం: ఇద్దరూ ఎదురుపడాలి. ఫోన్‌లోనైనా సరే.

సగంలోనే పెద్ద నిజం చెప్పేస్తే మిగతాదానికి ఏం మిగులుతుందని భయపడొద్దు. "ఏమైంది?" అన్న ప్రశ్న పోయి "ఇప్పుడు ఏం చేస్తుంది?" అన్నది వస్తుంది. రెండోదానికే పట్టు ఎక్కువ. సీరియల్‌గా రాస్తుంటే ప్రతి భాగం చివరా తలుపు చప్పుడు, అరుపు పెట్టకండి. మూడు భాగాల్లో రెండిటిని ఒక ప్రశ్నతోనో, తేలని మాటతోనో ఆపండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

మధ్యలో కథ సాగడం లేదు. అనుమానితులను పెంచొద్దు. కథకుడు దాస్తున్న రెండో విషయాన్ని బయటికి తీయండి.

ట్విస్ట్ ముందే తెలిసిపోతోంది. క్లూలు తగ్గిస్తే అన్యాయం అవుతుంది. తప్పు నమ్మకాన్ని బలపరచండి. పాఠకుడికి ఇష్టమైన అబద్ధం ఇవ్వండి.

ఫ్లాష్‌బ్యాక్‌లు అడ్డం పడుతున్నాయి. ప్రతి గతం సీన్ ఇప్పటి సీన్‌లో ఒక ప్రశ్నకు జవాబుగా రావాలి, కొత్త ప్రశ్నతో ముగియాలి. రెండూ చెయ్యకపోతే తీసెయ్యండి.

చివర్లో పది పేజీల ఒప్పుకోలు. ఇది అన్నిటికంటే మొండి జబ్బు. నేరం చేసిన మనిషి కూర్చుని అంతా వివరిస్తాడు, రెండో మనిషి ఓపికగా వింటుంది. ఒప్పుకోలులో ఉన్న విషయాలను ముక్కలు చేసి, సగం ముందు అధ్యాయాల్లో వస్తువులుగా చూపించండి. మిగిలిన సగాన్ని గొడవగా మార్చండి. ఒకరు చెప్తుంటే రెండోవాళ్ళు "అది అలా జరగలేదు" అని అడ్డుపడాలి. ఒకే పెళ్ళి గురించి ఇద్దరి లెక్కలూ కలవకపోవడమే ఆ సీన్‌కు బలం.

మానసిక అనారోగ్యమే నేరానికి కారణమని చూపించడం. ఇది తేలిక దారి, అన్యాయం కూడా. జబ్బు పేరు తీసేసి చూడండి. ఆ మనిషికి ఏం కావాలో, ఏం పోతుందని భయమో రాయలేకపోతే పాత్ర ఇంకా తయారు కాలేదు.

బాధితురాలి మీద జరిగిన హింస వినోదంలా కనిపిస్తోంది. దెబ్బను కాక, మర్నాడు ఆమె ఏ పని చెయ్యలేకపోయిందో చూపించండి.

ఫోన్ ఒక్కటి ఉంటే కథ అయిపోతుంది. ఫోన్‌ను పోగొట్టడం, ఛార్జ్ అయిపోవడం పాతబడ్డాయి. ఫోన్ పనిచేస్తూనే తప్పు కథ చెప్పాలి. మన కథలో ఆమె ఫోన్ మంచం పక్కనే ఉంది, అందుకే ఆమె ఎక్కడికీ వెళ్ళలేదని, ఎవరో ఏదో చేశారని అందరూ అనుకుంటారు.

## 10. ముగింపు రాసేటప్పుడు

మిస్టరీ ముడి, పెళ్ళి ముడి వేరువేరు. మొదటిది విప్పి రెండోదాన్ని గాలికొదిలేస్తే కథ సగంలోనే ఆగినట్టు ఉంటుంది. మన కథలో భార్య గెలుస్తుంది. భర్త తన జ్ఞాపకాన్నే నమ్మలేని స్థితికి వస్తాడు. కానీ అక్కడికి చేరడానికి ఆమె అతని చేతిరాత, అతని ఓపిక, అతని క్రూరత్వం నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ ధర ఆమెకు తెలిసినట్టు ఒక్క సీన్ ఉండాలి. ఉదాహరణకు, కొత్త ఇంట్లో తన కోసం సామాన్ల చీటీ రాసుకోబోయి, అక్షరాలు అతనివిలా పడుతున్నాయని చూసుకుంటుంది.

చివరి ట్విస్ట్ తర్వాత రెండు మూడు సీన్లు చాలు. తీర్పు చెప్పే పాత్రను పెట్టొద్దు.

## 11. రివిజన్: నాలుగు చదువులు

డ్రాఫ్ట్ అయ్యాక కనీసం రెండు వారాలు పక్కన పెట్టి, ఈ వరసలో చదవండి.

1. నిజం తెలిసిన మనిషిగా. ప్రతి సీన్‌లో కథకుడు దాటేసిన చోట గుర్తు పెట్టండి. అబద్ధం చెప్పిన చోటు కనిపిస్తే సవరించండి.
2. మాయమైన మనిషిగా. ఆమె లేని అధ్యాయాల్లో కూడా ఆమె ఆ గంటలో ఏం చేస్తోందో మార్జిన్‌లో రాయండి. జవాబు దొరకని చోట కాలక్రమం తప్పింది.
3. పోలీసు అధికారిగా. తేదీలు, వారాలు, గంటలు, ఎవరి దగ్గర ఏ తాళం చెవి ఉందో మాత్రమే చూడండి.
4. గట్టిగా పైకి. సంభాషణలు మాత్రమే చదవండి. భార్యాభర్తలు ఒకరికొకరు ఇప్పటికే తెలిసిన విషయాలు చెప్పుకుంటుంటే కొట్టెయ్యండి. ఏళ్ళ తరబడి కలిసున్నవాళ్ళు సగం వాక్యాల్లోనే పోట్లాడుకుంటారు.

తర్వాత ముగ్గురు నలుగురికి ఇవ్వండి. "బాగుందా?" అని అడగొద్దు. సగం చదివాక ఆపమని, ఇవి అడగండి:

- ఇప్పుడు ఎవరి మీద అనుమానం? ఎందుకు?
- ఈ ఇద్దరిలో ఎవరి పక్షాన ఉన్నారు?
- ఏ వస్తువు గుర్తుండిపోయింది?
- ఎక్కడ బోర్ కొట్టింది?

అందరూ ఒకే మనిషిని అనుమానిస్తూ, అది మీరు కోరిన తప్పు మనిషే అయితే మొదటి సగం పనిచేస్తోంది. నలుగురూ నాలుగు పేర్లు చెప్తే తప్పు నమ్మకం గట్టిగా నాటుకోలేదు, రెండో విభాగంలోని కాలక్రమం, నాలుగో విభాగంలోని ఆరేడు వస్తువులు మళ్ళీ ముందేసుకోండి. మీ ముఖ్యమైన క్లూను ఇద్దరి కంటే ఎక్కువమంది గుర్తుపెట్టుకుంటే అది మరీ వెలుగులో ఉంది, జాబితా మధ్యలోకి జరపండి. ఒక్కరికీ గుర్తులేకపోతే రెండోసారి కనిపించే చోట దానికి ఇంకో వాక్యం ఇవ్వండి.